బెండాకులాంటి పత్తాకు

ఆఫీసులో నేను చేసే పనేమిటో మా అమ్మకు చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒకరోజు ధైర్యం చేసి ఫోన్లో చెప్పేశాను.

"ఆకులు చూస్తమమ్మా."

"ఏం ఆకులే?"

"పత్తాకులు, మిరపాకులు, వరి... అన్ని. ఫోటోలల్ల."

"ఆకులు చూసుటానికి హైదరాబాదు దాకా పోవాల్నా? మన చేన్ల లెవ్వా?"

పక్కన ఎవరున్నారో గానీ, వాళ్ళకూ చెప్పి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మ ఊరికే అన్నదే. కానీ ఆ మాట నాలో అలాగే కూర్చుండిపోయింది. ఎందుకంటే అది నిజం. ఆకులు చూడటం తప్ప నాకేమీ రాదు. మెడలో ట్యాగు ఉంది, దాని మీద 'అనలిస్టు' అని ఇంగ్లీషులో ఉంది, పొద్దున రాయదుర్గం మెట్రో దగ్గర దిగి పరుగెత్తే జనంలో నేనూ ఒకదాన్ని. చూసేవాళ్ళకు నేనూ వాళ్ళలాగే కనిపిస్తాను. నేను మాత్రం ఆ ట్యాగు వేసుకున్న ప్రతి ఉదయం, ఇవాళ దొరికిపోతాను అనుకుంటూ లిఫ్టు ఎక్కేదాన్ని.

ముందు పని గురించి చెప్తాను, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పైరుకు ఏదైనా తెగులు వస్తే రైతులు ఆకు ఫోటో తీసి ఒక యాప్‌లో పంపుతారు. కావాలంటే రెండు మాటలు మాట్లాడి గొంతు కూడా పంపవచ్చు. అవి మాదాపూర్‌లో మా అంతస్తుకు వస్తాయి. ఒక్కో ఫోటో ముగ్గురి దగ్గరికి వెళ్తుంది. ఒకరేం నొక్కారో ఇంకొకరికి తెలియదు. లిస్టులోంచి తెగులు పేరు ఎంచుకుని నొక్కాలి. ఇద్దరు ఒకే పేరు నొక్కితే అదే జవాబు. మర్నాటికల్లా ఆ రైతు ఫోన్‌కు వెళ్ళిపోతుంది. విడిగా నొక్కిన మూడో మనిషిది తప్పు కింద లెక్క. ఆ మనిషి పర్సంటేజీ తగ్గుతుంది.

ఆ పర్సంటేజీలు గోడ మీద పెద్ద టీవీలో కనిపిస్తూనే ఉంటాయి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎవరికీ టీవీ వంక చూసే పని లేదు, అయినా అందరి కళ్ళూ అక్కడే. నేనైతే నీళ్ళు తాగడానికి లేచినా అటు చూసే లేచేదాన్ని.

నా చదువు ఇంటర్. అది కూడా ఒక సబ్జెక్టు పోయి, సప్లిమెంటరీలో గట్టెక్కాను. ఆ తర్వాత బాచుపల్లిలో ఒక కాలేజీ హాస్టల్లో రెండేళ్ళు ఫ్లోర్ ఇన్‌చార్జిగా పనిచేశాను. పిల్లల్ని ఐదింటికి లేపడం, టిఫిన్ లైన్లో నిలబెట్టడం, దిండు కింద దాచిన ఫోన్లు లాక్కోవడం. అక్కడ వంటామె కూతురు ఈ ఆఫీసు గురించి చెప్పింది. "పంటల గురించి తెలిసిన తెలుగోళ్ళు కావాల్నంట, పోయి చూడు" అంది. వెళ్ళాను. ఇరవై ఫోటోలు చూపించి ఇదేమిటి, అదేమిటి అని అడిగారు. మాది నల్గొండ వైపు పత్తి చేను. పుట్టినప్పటి నుంచీ నేను చూసినవే అవన్నీ. ఇరవైకి ఇరవై చెప్పాను. ఇంటర్ అని ఫారంలో రాశాను. దాచలేదు. కానీ ఆ ఫారం ఏ బీరువాలోకి వెళ్ళిందో, ఆఫీసులో ఎవరికీ తెలియదు. అంతా బీఎస్సీ అగ్రికల్చర్ వాళ్ళు, బోటనీ వాళ్ళు. నేనూ ఏదో ఒకటి చదివే ఉంటానని వాళ్ళే అనుకున్నారు. నేను కాదనలేదు.

నా పక్క సీటు గుంటూరు వైపు అమ్మాయిది. బీఎస్సీ అగ్రికల్చర్. తెల్లగా కడిగిన డబ్బాలో పెరుగన్నం, అంచుకు మాగాయ తెచ్చుకుని సగం నాకు పెట్టేది. మంచిది. మొదటి వారంలోనే అడిగింది.

"ఎక్కడ చదివావే నువ్వు?"

"బాచుపల్లిల ఉన్న."

"బాచుపల్లిలో ఏ కాలేజీ?"

"అదే... మెయిన్ రోడ్డు మీద ఉంటది చూడు."

"అక్కడన్నీ మెయిన్ రోడ్డు మీదే కదే తల్లీ!" అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వేశాను. అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. బాచుపల్లిలో ఉన్న మాట నిజమే. కాలేజీలో ఉన్న మాటా నిజమే. కాకపోతే బెత్తం పట్టుకుని ఉన్నాను.

అప్పటి నుంచి నాకో అలవాటు పడింది. ఫోటో తెరవగానే అదేమిటో నాకు తెలిసిపోయేది. మిరపాకు పైకి ముడుచుకుంటే ఒకటి, కిందికి ముడుచుకుంటే ఇంకొకటి. కన్ను చెప్పేస్తుంది. కానీ వేలు నొక్కేది కాదు. ఏదో సర్దుకుంటున్నట్టు కుర్చీ వెనక్కి జరిపి, గుంటూరు అమ్మాయి స్క్రీన్ వంక చూసేదాన్ని. తరచుగా మా ఇద్దరికీ ఒకే ఫోటోలు వచ్చేవి. ఆమె ఏం నొక్కిందో చూసి, నేననుకున్నది అదే అయితే హమ్మయ్య అని నొక్కేదాన్ని. వేరే అయితే, ఆమె నొక్కిందే నొక్కేదాన్ని. ఆమె చదువుకుంది కదా. నేను చేలో తిరిగాను, అంతే కదా.

అలా నా పర్సంటేజీ ఎప్పుడూ ఆకుపచ్చలోనే ఉండేది. టీవీలో నా పేరు పైన కనిపించిన ప్రతిసారీ, ఈ అంకె నాది కాదు, ఎప్పుడో ఒకరోజు ఎవరో వచ్చి అడుగుతారు అనిపించేది. మీటింగుల్లో అర్థం కాని ఇంగ్లీషు మాటలు అరచేతిలో పెన్నుతో రాసుకుని, బాత్రూంలోకి వెళ్ళి ఫోన్లో చూసుకునేదాన్ని. అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వేదాన్ని. ఒక రెప్పపాటు ఆలస్యంగా. ఆ ఆలస్యం ఎవరైనా పసిగట్టారేమోనని మళ్ళీ అందరి మొహాలూ చూసేదాన్ని.

వానలు బాగా పడిన నెలలో ఆ ఫోటోలు రావడం మొదలైంది.

పత్తాకు ఎలా ఉంటుందో తెలుసు కదా, అరచేయంత వెడల్పుగా ఉంటుంది. ఈ ఆకులు అలా లేవు. వేళ్ళు సాగదీసినట్టు సన్నగా, చీలికలు చీలికలుగా, అచ్చం బెండాకులా ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టాను. ఆ రోజు గుంటూరు అమ్మాయి సెలవు. చూడటానికి పక్క స్క్రీన్ లేదు. లిస్టులో అట్టడుగుకు వెళ్ళి, అక్కడున్న 'గడ్డి మందు దెబ్బ' నొక్కాను, అంటే కలుపును చంపే మందు పైరుకు తగలడం. అలాంటివి ఆ వారం చాలా వచ్చాయి. ఆమె తిరిగి వచ్చాక కూడా, ఎందుకో వీటికి మాత్రం ఆమె వంక చూడలేదు. మిగతా వాటి సంగతేమో గానీ, ఇది మాత్రం నాకు తెలుసు.

మిగతా అందరూ 'వైరస్' నొక్కారు. వారం తిరిగేసరికి నేను ఎరుపులోకి పడ్డాను.

మీటింగులో మా టీమ్ లీడ్ నా అంకె చూపిస్తూ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అవుట్‌లయర్ అని ఒక మాట వినిపించింది. అరచేతిలో రాసుకుని బాత్రూంలో చూశాను. అందరికీ దూరంగా, విడిగా ఉండిపోయినది అని ఉంది. అక్కడే కాసేపు నిలబడ్డాను. కుళాయి తిప్పి పెట్టుకుని ఏడ్చాను, బయటికి వినపడకుండా.

లీడ్ కర్నూలు ఆయన. చెడ్డవాడేమీ కాదు. గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు.

"ఏంటికమ్మా ఎరుపులోకి వచ్చినావు? మొన్నటి దాకా టాపులో నువ్వే కదా?"

"తెల్వది సార్."

"ఈ పత్తి ఫోటోలన్నిటికీ మందు దెబ్బ అని కొట్టినావు. తక్కినోళ్ళంతా వైరస్ అంటాండారు. నీ మనసులో ఏమన్నా ఉంటే చెప్పు. ఇంటాను."

ఆయన నిజంగానే అడిగాడు. కంప్యూటర్ మీది నుంచి చేయి తీసి, నా వైపు తిరిగి కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ కూర్చున్న తీరు నాకు కనిపిస్తుంది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ తర్వాత ఆయనేం అడుగుతాడో తెలుసు. నీకెట్ల తెలుసు అంటాడు. దానికి నా దగ్గర పుస్తకం లేదు, డిగ్రీ లేదు. ఉన్నదల్లా ఒక పంపు.

"ఏం లేదు సార్. లిస్టు కిందికి జరిగింది. తప్పు నొక్కినట్టున్న."

"అంతేనా?"

"అంతే సార్."

"సరే, మార్చుకో పో. కండ్లు జాగ్రత్త."

వెళ్ళి ఒక్కొక్కటీ తెరిచి, మందు దెబ్బ తీసేసి వైరస్ అని మార్చాను. మధ్యాహ్నం దాకా పట్టింది. సాయంత్రానికి మళ్ళీ ఆకుపచ్చ.

ఆ పంపు సంగతి కూడా చెప్పాలి. తొమ్మిదో తరగతి అప్పుడు. మొక్కజొన్న చేనుకు గడ్డి మందు కొట్టి వచ్చి, మా నాయిన పంపు నా చేతికిచ్చాడు. సబ్బు పెట్టి మూడుసార్లు కడుగు బిడ్డా, రేపు పత్తికి కొట్టాలె అన్నాడు. బయట మా జట్టు అమ్మాయిలు కబడ్డీకి పిలుస్తున్నారు. ఒక బిందె నీళ్ళు పోసి, ఊపి, పారబోసి పరుగెత్తాను. వారం తిరక్కుండానే మా పత్తాకు బెండాకులా సాగింది. ఊళ్ళో ఒకరు వైరస్ అన్నారు, ఒకరు దిష్టి అన్నారు. పురుగు మందుల షాపాయన వైరస్సే అని చెప్పి, మొక్కలు పీకేయమన్నాడు. మా నాయిన సాయంత్రం గడపలో కూర్చుని అడిగాడు.

"పంపు కడిగినవా బిడ్డా?"

"కడిగిన నాయినా."

"మూడుసార్లు కడిగినవా?"

"కడిగిన."

నమ్మాడు. మొక్కలు పీకడానికి ఆయనకు మనసొప్పలేదు, ఉంచాడు. నెల దాటాక కొత్త చిగుళ్ళు మామూలుగా, వెడల్పుగా వచ్చాయి. మొదటి పత్తి ఏరుడు పోయింది గానీ చేను బతికింది. అది వైరస్ కాదని మా ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. ఈ రోజు దాకా ఆయనకు చెప్పలేదు.

అందుకే ఆ ఆకు నాకు అంత తెలుసు. ఎక్కడ చూసినా గుర్తుపడతాను. కానీ లీడ్ గదిలో కూర్చుని ఇదంతా ఎలా చెప్పడం? అదీగాక, చెప్పుకోకూడని నిజం ఇంకోటి ఉంది. ఆ గదిలో కూర్చున్నప్పుడు నేనే నన్ను నమ్మలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు వైరస్ అంటుంటే, ఇంటర్ సప్లిమెంటరీ దాన్ని, నాకు తెలుసా? ఏమో, అప్పుడు మా చేనుకు కూడా వైరసే వచ్చిందేమో, నేనే ఇన్నేళ్ళూ తప్పంతా పంపు మీద పెట్టుకున్నానేమో. అలా నాకు తెలిసిన ఆ ఒక్కటి కూడా నా చేతిలోంచి జారిపోయింది.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. నెలాఖరున నన్ను రివ్యూయర్‌ను చేశారు. అందరితోనూ ఎక్కువగా కలిసినవి నా జవాబులేనట. ముగ్గురూ చూసిన ఫోటో ఇక చివరగా నా దగ్గరికి వస్తుంది. నేను సరే అంటేనే రైతుకు పోతుంది.

గుంటూరు అమ్మాయి నాకంటే ఎక్కువ సంతోషపడింది. క్యాంటీన్లో గట్టిగా అరిచింది.

"పార్టీ ఎప్పుడే? బిర్యానీ తప్ప ఏదిచ్చినా ఊరుకోను!"

"ఇస్తలే, జర ఆగు."

"మీ బాచుపల్లి కాలేజీలో ఏం చెప్పారో గానీ, నీ కన్నే కన్ను!"

ఆ రోజు ముద్ద దిగలేదు. ఆ తర్వాత చాలా రోజులు దిగలేదు. నేనుంటున్న లేడీస్ హాస్టల్లో నా మంచం పక్కామె, "ఏందక్కా, దువ్వెనల గిన్ని వెంట్రుకలా?" అని అడిగే దాకా, జుట్టు ఊడుతున్న సంగతే నాకు తెలియదు. పొద్దున లేవగానే జ్వరం వస్తే బాగుండు అనుకునేదాన్ని. మెట్రోలో కూర్చోవడానికి సీటు దొరికినా నిలబడేదాన్ని. సీటు కూడా నాకంటే అర్హులదేమో అనిపించేది. నవ్వకండి, నిజంగానే అలా అనిపించేది. రాజీనామా లెటర్ కోసం ఫోన్లో వెతికి, ఇంగ్లీషులో తప్పులు పోతాయేమోనని అదీ రాయలేదు.

బెండాకులాంటి పత్తాకులు వస్తూనే ఉన్నాయి. ముగ్గురూ వైరస్ అని పంపేవారు. నేను సరే నొక్కేదాన్ని. వైరస్ అని జవాబు వెళ్తే దాంతోపాటు ఒక సలహా కూడా వెళ్తుంది. సోకిన మొక్కలు పీకి తగలబెట్టండి, అని. అది మాకు స్క్రీన్ మీద కనిపించదు. కానీ వెళ్తుందని తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అలాంటిదే ఇంకో ఫోటో వచ్చింది. దాని కింద చిన్న గొంతు గుర్తు ఉంది. రైతు ఏదో మాట్లాడి పంపాడన్నమాట. మేమెవరమూ అవి వినేవాళ్ళం కాదు. వింటే రోజు లెక్క పూర్తి కాదు. ఫోటో చూసి నొక్కెయ్యడమే. ఆ రోజు ఎందుకు విన్నానో నాకు తెలియదు. అప్పటికే ఇయర్‌ఫోన్ చెవిలో ఉంది, వేలు దాని మీద పడింది. అంతే అనుకుంటాను.

ఆడ గొంతు. మా అమ్మ వయసుండవచ్చు.

"నమస్తే సార్. మా పత్తి గిట్లయింది సార్, ఆకు బెండాకు లెక్క సన్నగయింది. మొన్న మక్కజొన్నకు గడ్డి మందు కొట్టిన పంపుతోనే దీనికి గూడ కొట్టిండు మా ఇంటాయన. కడుగుమని నేను అన్న, ఇనలే. గందుకే గిట్లయిందని నాకు అనిపిస్తుంది. గాని నాకేం తెలుసు సార్, సదువుకున్నోళ్ళు మీరే చెప్పాలె. పీకేద్దుమా, ఉంచుదుమా?"

వెనకాల మేక అరుపు వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

మళ్ళీ విన్నాను. మూడోసారి కూడా విన్నాను. ఆమెకు అంతా తెలుసు. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, ఎవరు చేశారో. అయినా నాకేం తెలుసు అంటోంది. చదువుకున్న సారును అడుగుతోంది. ఆ సారు నేనే.

అప్పుడు కూర్చున్న చోటే వెనకటి ఫోటోలు తెరిచాను. నేను సరే అన్నవి, గొంతు గుర్తు ఉన్నవి. ఒక్కొక్కటీ విన్నాను. కొందరు ఎన్ని ఎకరాలో చెప్పారు. కొందరు ఉత్త దండం పెట్టి ఊరుకున్నారు. కానీ ఒక ముసలాయన అన్నాడు, పక్క చేనాయన గడ్డి మందు కొడితే గాలికి ఇటు వచ్చింది సార్ అని. ఇంకొకాయన పంపు అన్నాడు. ఇంకొకామె గడ్డి మందు కలిపిన డ్రమ్ము అంది. వాళ్ళందరికీ తెలుసు. వాళ్ళు చెప్పినదాన్నే మేం కాదని తిప్పి పంపాం. అన్నిటి కిందా చివరి సంతకం నాది.

ఆ ఒక్కామె ఫోటోకు మందు దెబ్బ అని మార్చి పంపాను. వెంటనే లేచి లీడ్ గదికి వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు. మొత్తం ఒక్క ఊపులో చెప్పేశాను. ఇంటర్ సంగతి, బాచుపల్లి సంగతి, పంపు సంగతి, పక్క స్క్రీన్ చూడటం, అన్నీ. ఆమె గొంతు కూడా వినిపించాను. ఆయన దాన్ని ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు.

"ఇది నిజమేనో కాదో పెద్ద సారును అడగల్ల" అన్నాడు చివరికి.

యాప్ వాళ్ళ తరపున పంటల మీద ఒక పెద్దాయన ఉన్నాడు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఫోటోలన్నీ ఆయనకు పంపారు. మర్నాడు పదకొండింటికి జవాబు వచ్చింది. గడ్డి మందు దెబ్బే. వైరస్ కానే కాదు. మొక్కలు పీకనవసరం లేదు, చిగుళ్ళు తుంచి కొంచెం పోషకాలు కొడితే కోలుకుంటాయి, అని.

నేను కరెక్టు. నా కన్ను కరెక్టు. నాకు తెలిసింది నిజంగానే తెలుసు. ఏడాదిగా దేనికోసం చచ్చిపోతున్నానో అది ఆ ఒక్క జవాబులో ఉంది. లీడ్ దాన్ని చదివి వినిపించి, కళ్ళద్దాలు తీసి నా వంక చూశాడు.

"అంటే నీకు మొదుటి నుంచీ తెలుసు."

"తెల్సు సార్."

"తెలిసే సరే కొట్టినావా?"

ఏమీ రాదని బయటపడతానని భయపడ్డాను ఇన్నాళ్ళూ. ఆ భయానికి వంద రకాల సాకులు తయారుచేసి పెట్టుకున్నాను. తెలుసని బయటపడితే ఏం చెప్పాలో మాత్రం ఎప్పుడూ ఆలోచించుకోలేదు. ఏమీ రానిదాన్నయితే తప్పు నా మీద ఇంత పడేది కాదు. తెలియక చేశానని అనేవాళ్ళు, నేనూ అనుకునేదాన్ని.

"తెలియనోళ్ళు కొట్టింది వేరే" అన్నాడు ఆయన మెల్లగా. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆ పొద్దు నేను అడిగితిని కదమ్మా. చెప్పింటే ఏం పోతాండె?"

రివ్యూయర్ పని తీసేశారు. ఉద్యోగం తీయలేదు. రైతులందరికీ సవరించిన జవాబు పంపించారు. కొందరికి పది రోజులు ఆలస్యంగా, కొందరికి ఇంకా ఎక్కువ. ఎంతమంది పీకేశారో చెప్పమని లీడ్‌ను రెండుసార్లు అడిగాను. అది మనకు తెలీదమ్మా, వాళ్ళ నంబర్లు మన దగ్గర ఉండవు అన్నాడు. మూడోసారి అడగలేదు. నాకు కొన్నిసార్లు చెట్లు లేని చేను కనిపిస్తుంది. మధ్యలో ఒక మనిషి ఫోన్ పట్టుకుని నిలబడి, 'పీకనవసరం లేదు' అన్న మాట చదువుతూ ఉంటాడు.

గుంటూరు అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి కూర్చుంది.

"నాకు చెప్పొచ్చు కదే. నేనేమన్నా కొడతానా?"

"నువ్వు సదువుకున్నవు. నేనేం చెప్పాలె నీకు?"

"ఏం చదివాను? మా పుస్తకంలో వైరస్ ఫోటో నల్లగా అచ్చయి ఉంటుంది, అది ఆకో అట్టో కూడా తెలీదు. చేలోకి ఓ నాలుగుసార్లు తీసుకెళ్ళారు, సెల్ఫీలు దిగి వచ్చాం." మాగాయ బద్ద తీసి నా అన్నంలో వేసింది. "మొదట్లో నువ్వు మందు దెబ్బ నొక్కావని లీడ్ అన్నప్పుడు నాకూ అనుమానమొచ్చింది. తర్వాత నువ్వే వైరస్ అని మార్చేశావు. ఇంక నాకేం అనుమానం? ఇది చేలో పుట్టిన మొహంలా ఉంది, దీనికి తెలీదా అనుకున్నా."

"నీకెట్ల తెలుసు చేన్ల పుట్టిన అని?"

"నీ నోరే చెప్తుంది. మెయిన్ రోడ్డు కాలేజీ వాళ్ళు అలా మాట్లాడతారా?"

నవ్వు రాలేదు ఇద్దరికీ. ఆమె నన్ను చూసి నొక్కింది, నేను ఆమెను చూసి నొక్కాను. మధ్యలో ఆకును ఎవరూ చూడలేదు.

ఇది జరిగి కొన్ని నెలలైంది. బాగుపడ్డానని చెప్పాలని ఉంది. చెప్పలేను. ఇప్పుడు ఎవరి స్క్రీనూ చూడను, అది నిజం. గొంతు ఉంటే వింటాను, లెక్క తగ్గినా సరే. కానీ సరైనది నొక్కిన తర్వాత కూడా చేయి వెనక్కి రాదు. మౌస్ మీదే ఉండిపోతుంది. ఇంతకు ముందు తెలియదేమోనని భయం. ఇప్పుడు తెలుసు కదా అని భయం. రెండోది ఇంకా బరువు. మొదటి భయానికైతే ఎప్పటికైనా పోతుందన్న ఆశ ఉండేది.

పోయిన వారం కొత్తవాళ్ళు ఎనిమిది మంది చేరారు. లీడ్ నన్ను పిలిచి, ఈ పత్తి ఫోటోల సంగతి వాళ్ళకు నువ్వే చెప్పు అన్నాడు. వద్దు సార్ అన్నాను. నీకంటే ఎవరికి తెలుసు అన్నాడు. ఆ మాట వినడానికి ఒకప్పుడు ఏమైనా ఇచ్చేదాన్ని.

చిన్న గది. తెర మీద ఫోటోలు వేశాను. ముందే చెప్పేశాను, నాది ఇంటర్, మీరంతా నాకంటే చదువుకున్నవాళ్ళు, తప్పు చెప్తే ఆపండి అని. ఎవరూ నవ్వలేదు. అందరూ పుస్తకాలు తెరిచి రాసుకోవడం మొదలుపెట్టారు. ఇది గడ్డి మందు దెబ్బ అన్నాను, రాసుకున్నారు. ఇది వైరస్, ఈనె లావయింది చూడండి అన్నాను, రాసుకున్నారు. నేను దగ్గితే దాన్నీ రాసుకునేలా ఉన్నారు. ఏడో ఫోటో దగ్గర, ఇది ఆకు రసం పీల్చే పచ్చదోమ అని చెప్తుంటే, వెనక వరుసలో ఒక అమ్మాయి పెన్ను ఆగింది. తల ఎత్తి తెర వంక చూసింది. కళ్ళు చిన్నవి చేసి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"ఏంది చెల్లె, చెప్పు" అన్నాను.

"ఏం లేదు మేడం."

"నీకేమన్నా వేరే అనిపిస్తుందా? తప్పేం లేదు, చెప్పు."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె మొహం ఎర్రగా అయింది. మెడలో కొత్త ట్యాగు తాడును వేలికి చుట్టుకుంది.

"యాడికెల్లి వచ్చినవు?"

"ఆదిలాబాద్ దిక్కు మేడం."

"పత్తి ఉన్నదా మీకు?"

"ఉన్నది మేడం."

"మరి చెప్పు. ఇది పచ్చదోమ కాదా?"

తెర వంక ఇంకోసారి చూసింది. నేను కూడా చూశాను. చూసినకొద్దీ నాకే తెలియకుండా పోయింది. దోమేనా, లేకపోతే నేలలో పోషకాల లోపమా? ఈనెలు పచ్చగా ఉన్నాయా, లేవా? ఆమె ఏం చూసిందో నాకు కనిపించలేదు.

"లేదు మేడం, మీకే తెలుస్తది" అని, తల దించుకుని, పచ్చదోమ అని రాసుకుంది.